కమ్మలు తాకట్టు పెట్టి ఇచ్చిన కానుకకు నూరంతలు రాకపోతే, లోపం నా విశ్వాసంలో ఉన్నట్టా?

అమ్మా, మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మూడేళ్లుగా దశమభాగం తప్పకుండా ఇస్తున్నారు. నిరుడు ఉజ్జీవ సభల్లో ప్రసంగీకుడు "విత్తన కానుక" వేయమంటే కమ్మలు తాకట్టు పెట్టి ఇరవై వేలు ఇచ్చారు. ఏడాది తిరిగేలోగా నూరంతలు వస్తుందన్నారు, రాలేదు. వెళ్లి అడిగితే, మీ లోపల సందేహం ఉంది, ఆ సందేహంతో దీవెనను మీరే ఆపుకున్నారు అన్నారు. ఇప్పుడు డ్వాక్రా రుణం చేతికి రాబోతోంది. అందులో పదో వంతు ముందుగా తీసి ఇవ్వాలా, ఇవ్వకపోతే శాపం తగులుతుందా అని అడిగారు. మామగారి మందులు రెండు నెలలుగా సగమే కొంటున్నామని చివర్లో ఒక్క ముక్క రాశారు. నా మనసు ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది.

నేను ముప్ఫై నాలుగేళ్లు పల్లె క్రైస్తవ సంఘాల్లో కాపరిగా, అంటే పాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. కానుకలు అడిగినవాడిని, లెక్కపెట్టినవాడిని, వాటితోనే ఇల్లు గడుపుకున్నవాడిని. కాబట్టి ఈ విషయం బయటినుంచి చూసి చెప్పడం లేదు.

ముందు రుణం సంగతి తేల్చుకుందాం, దానికి గడువుంది కాబట్టి. అందులోంచి ఒక్క రూపాయి కూడా కానుకగా ఇవ్వకండి. దశమభాగం గురించి బైబిలులోని ధర్మశాస్త్రం చెప్పింది పంట గురించి, మంద గురించి. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం తెరిచి చూడండి. ఏటేటా పొలంలో పండినదానిలో పదో భాగం అని ఉంటుంది. పండిన తరువాత మాట అది. రుణం పంట కాదు, తిరిగి కట్టవలసిన పరాయి సొమ్ము. పైగా డ్వాక్రా రుణానికి మీ పొదుపు సంఘంలోని ఆడవాళ్లందరి మాటా పూచీగా ఉంటుంది. మీ వాయిదా తప్పితే బ్యాంకులో తల దించుకోవలసింది వాళ్లు కూడా. వాళ్ల పూచీ మీద వచ్చిన డబ్బును కానుక పెట్టెలో వేసే హక్కు మీకు లేదు. ఇంత కటువుగా చెబుతున్నందుకు మన్నించండి.

అప్పుల్లో ఉన్న ఒక ఇల్లాలి కథ బైబిలులోనే ఉంది. రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయం. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో ఉన్నది ఒక కుండలో కొంచెం నూనె. ఎలీషా ఆమెను ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, తలుపు వేసుకుని పోయమన్నాడు. పాత్రలన్నీ నిండాయి. అప్పుడు ప్రవక్త నోటినుంచి వచ్చిన మాట ఏమిటి? "నీ అప్పు తీర్చి, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడి." తన భాగం అడగలేదు. ముందు మందిరానికి ఇవ్వమనలేదు. అద్భుతం జరిగిన రోజున కూడా అప్పే ముందు, ఆ తరువాత పిల్లల తిండి. అప్పు తీర్చడం భక్తిలో భాగమని మీకు ఎవరూ చెప్పి ఉండరు. 37వ కీర్తన అప్పు చేసి తీర్చకపోవడాన్ని భక్తిహీనుల లక్షణంగా చెబుతుంది.

ఇక మామగారి మందులు. యేసు ప్రభువు కాలంలో ఒక ఆచారం ఉండేది, పేరు కొర్బాను. తల్లిదండ్రుల పోషణకు ఉపయోగపడవలసిన సొమ్మును "ఇది దేవునికి అర్పించాను" అని ఒక్క మాట అంటే చాలు, ఇక ఆ కొడుకు వాళ్లకు ఏమీ ఇవ్వనక్కరలేదు. మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు దీనిని పట్టుకుని నిలదీశాడు. మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని కొట్టివేస్తున్నారు అన్నాడు. ముసలివారి మందుల డబ్బు దేవుని పేరు మీద దేవుని పెట్టెలోకి వెళ్లినా, దేవునికి అది కానుక కాదని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? ఈ నెల మందులు పూర్తిగా కొనండి. మిగతా ప్రశ్నలన్నీ దాని తరువాతే.

మీకు చూపించిన వాక్యాల గురించి ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. మీరు నాలుగు రాశారు: మలాకీ 3, మూడవ యోహాను 2, కొరింథీయుల రెండవ పత్రిక 9, సారెపతు విధవరాలు. ఈ నాలుగూ నేను ఏళ్ల తరబడి ప్రసంగించినవే. ఒక్కొక్కటి దాని చోట పెట్టి చదివినప్పుడు ఒక విషయం నన్ను కలవరపెట్టింది. పేదవాడి దగ్గర డబ్బు తీసుకోవడానికి వాడుతున్న ఈ వాక్యాలన్నీ, రాసిన చోట పేదవాడి ఇంటికి అన్నం చేర్చడానికి రాసినవి.

మలాకీని చూడండి. "పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొనిరండి" అనే మాటకు ముందు ఒక కారణం ఉంది, దానిని చాలామంది చదవకుండా దాటిపోతారు: "నా మందిరములో ఆహారముండునట్లు." ఆహారం. ఆ నిధి అంటే ధాన్యపు కొట్టు. అక్కడ చేరిన ధాన్యం, ద్రాక్షారసం, నూనె, మందిరంలో సేవచేసే, సొంత భూమి లేని లేవీయులకు జీవనాధారం. జనం ఇవ్వడం మానేస్తే లేవీయులు మందిరం వదిలి ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారని నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది. మూడేళ్లకొకసారి ఆ పదో భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు తృప్తిగా భోజనం పెట్టాలని ధర్మశాస్త్రం. అదే మలాకీ 3వ అధ్యాయంలో దశమభాగానికి ఐదు వచనాల ముందు, కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీదికి, విధవరాండ్రను బాధపెట్టేవాళ్ల మీదికి నేనే సాక్షిగా వస్తాను అంటాడు దేవుడు. పదో వచనాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాసే సంఘాలు ఐదో వచనాన్ని కూడా పక్కన రాస్తే బాగుండునని నా కోరిక. ఆ కొట్టులోంచి ధాన్యం అందుకోవలసిన వరుసలో మీ ఇల్లు ఉంది అమ్మా, నింపవలసిన వరుసలో కాదు.

మూడవ యోహాను పత్రికలో "నీవు అన్ని విషయములలోను వర్ధిల్లుచు సౌఖ్యముగా ఉండవలెనని ప్రార్థించుచున్నాను" అన్నది గాయు అనే ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం మొదట్లోని క్షేమసమాచారం. మన పెద్దలు ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" అని రాసేవారు కదా, అటువంటిది. ప్రేమతో చేసిన ప్రార్థన, నిజమే. అయితే అందరికీ డబ్బు గ్యారంటీ అని రాసిచ్చిన పత్రం మాత్రం కాదు. కిందికి ఇంకొంచెం చదవండి. గాయును ఎందుకు మెచ్చుకున్నాడు? ఊరూరు తిరిగే బోధకులకు ఇంట్లో చోటిచ్చి ఆదరించినందుకు. ఆ బోధకుల గొప్ప ఏమిటి? బయటివాళ్ల దగ్గర ఏమీ తీసుకోకుండా ప్రభువు నామం కోసం బయలుదేరారు. ఆ మొత్తం పత్రిక ఒక్క పేజీ కూడా ఉండదు. ఈ రాత్రి కూర్చుని పూర్తిగా చదవండి.

కొరింథీయుల రెండవ పత్రిక 8, 9 అధ్యాయాలు ఒకే ఉత్తరంలో ఒకే చందా గురించి. యెరూషలేములో బీద విశ్వాసులు ఉన్నారు, వాళ్లకోసం పౌలు సంఘాల్లో చందా పోగుచేస్తున్నాడు. "సమృద్ధిగా విత్తువాడు సమృద్ధిగా పంటకోయును" అన్నది ఆ సందర్భంలో. ఆ డబ్బులో తనకు వాటా లేదు. పైగా, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకుని వెళ్తున్నానని రాశాడు. ఈరోజు విత్తన కానుకలు అడిగేవారిలో ఎంతమంది సంఘం ఎన్నుకున్న మనుషుల చేత లెక్క చూపిస్తున్నారో మీరే ఆలోచించండి. మీ రుణం ప్రశ్నకు సూటి సమాధానం కూడా అక్కడే ఉంది: "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే యిచ్చినది ప్రీతికరమవును." ఆ వెంటనే, ఇతరులకు తేలికగా ఉండాలని మీకు భారం పెట్టడం నా ఉద్దేశం కాదు అంటాడు. మాసిదోనియ సంఘాలు పేదరికంలో ఉండి కూడా శక్తికి మించి ఇచ్చాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అవును, ఇచ్చాయి. వాళ్లంతట వాళ్లే వచ్చి, మమ్మల్ని కూడా పాలుపొందనివ్వండి అని పౌలును బతిమాలి ఇచ్చారు. వేదిక మీదినుంచి పేరు పిలిచి, "ఇప్పుడు ఇరవై వేలు వేసేవాళ్లు చేతులెత్తండి" అని ఎవరూ అనలేదు.

సారెపతు విధవరాలి కథ కాస్త కష్టమైనది, తేలికగా తీసేయను. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది కాల్చుకుని తిని నేనూ నా కొడుకూ చచ్చిపోతాం అన్న ఆడమనిషిని, ముందు నాకొక చిన్న అప్పం చేసి తెమ్మని ఏలీయా ప్రవక్త అడిగాడు. ఆమె చేసింది, తొట్టిలో పిండి తరగలేదు. అంతవరకే చెప్పి కానుక సంచి తిప్పుతారు. కానీ అడిగినవాడు ఎవరు? వాగు ఎండిపోయి, ఆమెలాగే ఆకలితో ఊరు దాటి వచ్చినవాడు. అప్పం తీసుకుని కారెక్కి వెళ్లిపోలేదు. ఆ ఇంట్లోనే ఉన్నాడు. చాలా రోజులు ముగ్గురూ ఆ తొట్టిలోని పిండే తిన్నారు. ఆమె కొడుకు ఊపిరి ఆగిపోయినప్పుడు ఒళ్లోంచి తీసుకుని పై గదికి మోసుకెళ్లి ప్రార్థించింది కూడా ఆయనే. పైగా ఆమెకు దొరికింది నూరంతలు కాదు, ఏ పూటకు ఆ పూట పిండి. మీ దగ్గర కానుక తీసుకున్న మనిషి మీ ఇంటి తొట్టిలో ఏముందో ఎప్పుడైనా వచ్చి చూశారా?

నేనూ ఒక తప్పు చేశాను, అది చెప్పకుండా ఇంతమంది మీద మాట్లాడితే న్యాయం కాదు. కాపరిగా నా మొదటి సంవత్సరాలు. పొగాకు పండే ప్రాంతం. కోత పండుగ ఆదివారం మలాకీ 3వ అధ్యాయం తీసుకుని, ఆకాశపు వాకిండ్లు తెరుచుకోవాలంటే ముందు మన గుప్పిళ్లు తెరుచుకోవాలని ఆవేశంగా ప్రసంగించాను. ఒక కౌలు రైతు లేచి వచ్చి మూడు వందల రూపాయలు బల్ల మీద పెట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. సంఘమంతా హల్లెలూయా అంది. నేను సంతోషించాను. గురువారం సాయంత్రం ఆయన భార్య మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. "అయ్యగారూ, ఆ డబ్బు నారుకోసం దాచుకున్నది" అంది. కోపంగా అనలేదు. చీర కొంగు ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్లతో లాగి విప్పి, అరచేతిలో పెట్టి చూపించింది. ఎనిమిది రూపాయలు. "ఇక ఇంట్లో ఉన్నది ఇదే" అంది. నారు వేయకపోతే పంట లేదు, పంట లేకపోతే కౌలు కట్టలేరు. నేను విత్తనం గురించి ప్రసంగించి వాళ్ల నిజమైన విత్తనాన్ని తీసుకున్నాను. ఆ డబ్బు అప్పటికే సంఘం పుస్తకంలో జమ అయిపోయింది. ఆ రాత్రి నా జీతంలోంచి, మా ఇంట్లో ఆవిడ దాచుకున్నదానిలోంచి తీసి ఆ మూడు వందలూ వాళ్లకు ఇచ్చి వచ్చాను. తరువాతి ఆదివారం సంఘం ముందు నిలబడి నేను వాక్యాన్ని సగమే చదివానని ఒప్పుకున్నాను. ఆ ఎనిమిది రూపాయలు ఆమె అరచేతిలో ఎలా ఉన్నాయో నలభై ఏళ్ల తరువాత కూడా కళ్లకు కడుతూనే ఉంది.

ఈ విత్తన కానుక అనే మాట అపొస్తలుల కాలంనుంచి వచ్చిందని అనుకునేవారు చాలామంది. అది పోయిన శతాబ్దంలో అమెరికాలో పుట్టింది. నోటితో ఒప్పుకుంటే అది కలుగుతుంది అనే బోధకు ఇ. డబ్ల్యు. కెన్యన్ రచనలు పునాది వేశాయి. కెన్నెత్ హేగిన్ దానిని విస్తారంగా వ్యాపింపజేశారు. ఓరల్ రాబర్ట్స్ 1947లో మూడవ యోహాను 2వ వచనం చదివి తన జీవితం మలుపు తిరిగిందని చెప్పుకున్నారు. ఇచ్చినదాన్ని విత్తనంగా, రాబోయేదాన్ని కోతగా చూడమనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. టెలివిజన్ ద్వారా అది ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు, మన ఇళ్లకు చేరింది. 2010లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ప్రపంచం నలుమూలలనుంచి సువార్త సంఘాల నాయకులు లోజాన్ మహాసభగా కూడి, దేవుని శక్తిని మనుషుల ఉపాయాలతో పనిచేయించవచ్చనే ఈ బోధ బైబిలును వక్రీకరిస్తోందని, పేదరికానికి నిలిచే పరిష్కారం కూడా చూపడం లేదని రాతపూర్వకంగా ప్రకటించారు. కాబట్టి మీకు సందేహం కలిగితే అది అవిశ్వాసం అనుకోకండి. మీతోపాటు ఎందరో విశ్వాసులకు, పెద్దలకు కలిగిన సందేహమే అది.

అయినా ఈ బోధ మన మధ్య ఎందుకు ఇంత బలంగా నాటుకుందో నాకు తెలుసు, దానిని ఆశపోతుతనం అని కొట్టేసేవాళ్లతో నేను ఏకీభవించను. తాతల కాలంలో ఊరి బావి తాకనివ్వని ఇంటినుంచి వచ్చిన మనిషికి "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అనే మాట వినిపిస్తే గుండె ఉప్పొంగకుండా ఎలా ఉంటుంది? ఆ వాగ్దానం విని పిల్లలను బడికి పంపినవాళ్లు, తాగుడు మానినవాళ్లు, పక్కా ఇల్లు కట్టుకున్నవాళ్లు నా సంఘాల్లోనే ఉన్నారు. అది దీవెన కాదని నేను అనను. కడుపు నిండినవాళ్లు కూర్చుని పేదవాడికి పేదరికపు గొప్పతనం బోధించడం కూడా దుర్మార్గమే. నా బాధ వేరే. ఆ ఆశను తీసుకుని దానిమీద ధర కట్టేస్తున్నారు. అది నెరవేరకపోతే లోపం నీదేనని పేదవాడి నెత్తినే మోపుతున్నారు. ఇదివరకు ఊరు "నీ పుట్టుక మంచిది కాదు" అంది, ఇప్పుడు వేదిక "నీ విశ్వాసం మంచిది కాదు" అంటోంది.

మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి పూర్తిగా ఎదురు నడిచిన ఒక ఉదాహరణ ఉంది. 1876నుంచి 1878వరకు దక్షిణాదిని కాల్చేసిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ల పని కాంట్రాక్టుగా తీసుకుని, వేల మందికి కూలి దొరికేలా చేశారు. తట్టలు మోసి, మట్టి తవ్వి, కూలి డబ్బుతో గంజి తాగి బతికారు జనం. చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చి విశ్వాసమని చెప్పేలా ఎవరినీ చేయకూడదని ఆయన పట్టుదల. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకు ముందు గడిచిన ఆ పదిహేను నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. అన్నం పెట్టారు, దానికి విశ్వాసాన్ని వెలగా అడగలేదు. విశ్వాసాన్ని అంగీకరించారు, దానికి అన్నాన్ని బహుమానంగా చూపలేదు. రెండింటి మధ్య ఆ గీత ఉన్నందువల్లే ఏటిలో దిగినవాళ్ల మాటకు విలువ వచ్చింది.

సంపద పాపమా అంటే, కాదు. అబ్రాహాము ధనవంతుడు. ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ వ్యాపారస్తురాలు, ఫిలిప్పీ సంఘం ఆమె ఇంటితోనే మొదలైంది. ప్రభువు దేహాన్ని ఉంచిన సమాధి కూడా ఒక ధనవంతుడిదే. కానీ ధనం ఉన్నవాళ్లతో క్రైస్తవ పెద్దలు ఎప్పుడూ తియ్యగా మాట్లాడలేదు. నాలుగో శతాబ్దంలో, తరువాత కైసరయకు బిషప్ అయిన బసిలు, కరువు కాలంలో కొట్లు మూసుకున్న ధనికుల ముందే నిలబడి, మీరు దాచిన రొట్టె ఆకలిగొన్నవాడిది, మీ పెట్టెలోని బట్ట దిగంబరుడిది అని ప్రసంగించాడు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ యువకుడిగా ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఏడాదికి 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. రాబడి 60 అయింది, మళ్లీ 28తోనే బతికాడు. 90 అయినా, 120 అయినా అదే 28. పెరిగినదంతా పేదలకు వెళ్లింది. దేవుడు ఒకరికి ఎక్కువ ఇస్తే ఆయన ఉద్దేశం ఏమిటో వెస్లీ లెక్కలో ఉంది. రాబడి పెరిగిన ప్రసంగీకులను ఎవరైనా ఈ లెక్క అడగాలి. మిమ్మల్ని అడగవలసిన లెక్క ఇది కాదు.

విశ్వాసం లోపించిందా అన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల అధ్యాయం. అందులో సింహాల నోళ్లు మూసినవాళ్లు, రాజ్యాలు జయించినవాళ్లు ఉన్నారు. అదే వరుసలో, ఊపిరి తీసుకోకుండానే, గొఱ్ఱె చర్మాలు, మేక చర్మాలు కట్టుకుని, దరిద్రులై, గుహల్లో తిరిగినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరూ విశ్వాసం మూలంగానే సాక్ష్యం పొందారని అక్కడ రాసి ఉంది. రెండో గుంపుకు విశ్వాసం తక్కువని ఎక్కడా లేదు. కుంటివాడితో "వెండి బంగారములు నాయొద్ద లేవు" అన్న పేతురుకు విశ్వాసం తక్కువా? "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పౌలు రాసింది చెరసాలలోంచి, ఆకలికీ సమృద్ధికీ రెంటికీ అలవాటు పడ్డానని చెప్పిన వెంటనే. మీ కమ్మలు పోయాయి, మందులు సగమయ్యాయి, ప్రార్థనకు జవాబు రాలేదని ఎదురుగా కూర్చుని ఒకరు మిమ్మల్ని నిందించారు. అయినా మీరు ఇంకా దేవుణ్ని నొప్పించకూడదని భయపడుతూ ప్రశ్న రాశారు. దీనిని విశ్వాసం అనక ఏమనాలో నాకు తెలియదు.

ఇక చేయవలసిన పని. ఇచ్చిన ఇరవై వేలను రాబట్టడానికి మరో కానుక వేయమని ఎవరైనా అంటే ఆ మాట వినకండి, జూదంలో పోగొట్టుకున్నవాడు చేసే పని అది. మీ భర్తగారిని, సంఘంలో మీరు నమ్మే ఒక పెద్దను వెంటబెట్టుకుని వెళ్లి, మా ఇంటి పరిస్థితి ఇది, ఆ డబ్బు తిరిగి ఇప్పించండి అని మర్యాదగా ఒకసారి అడగండి. అడగడం పాపం కాదు. ఇవ్వకపోతే వదిలేయండి, దాని లెక్క వాళ్లు చెప్పుకోవలసిన చోట చెప్పుకుంటారు. రుణం దేనికోసం తీసుకుంటున్నారో దానికే వాడండి. గేదె కొంటానన్నారు కదా, గేదే కొనండి. పాల డబ్బు చేతికి వచ్చాక వాయిదా, మందులు, తాకట్టు వడ్డీ పోను ఏదైనా మిగిలితే అప్పుడు ఇవ్వడం గురించి ఆలోచించండి.

అప్పటివరకు చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, మా అమ్మ చేసిన పని చెబుతాను. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున పిడికిలి చిన్నదయ్యేది, అసలు లేని రోజున వేసేది కాదు, ఎవరూ అడిగేవారు కాదు. ఆదివారం సంఘంలోని ఆడవాళ్లంతా తెచ్చిన బియ్యం ఒక సంచిలో పోస్తే, అది ఆ వారం ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి వెళ్లేది. మిజోరం సంఘాల్లో కూడా 1910నుంచి ఇలా పిడికెడు బియ్యం తీసి సంఘానికి ఇచ్చే అలవాటు ఉంది. మా నాన్న జబ్బుపడిన ఏడాది ఆ సంచి మా ఇంటికే వచ్చింది, మూడు నెలలు. అమ్మ సిగ్గుపడలేదు, డబ్బాలో వేయడమూ మానలేదు.

మీరు చివర అడిగిన చిన్న ప్రశ్న: ఆదివారం కానుక పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి అని. పళ్లెం అందుకోండి, పక్కన కూర్చున్నవారికి అందించండి. పట్టుకొచ్చే మనిషి ఎవరి ముందూ ఒక్క క్షణం కూడా నిలబడకూడదని మా సంఘంలో నేను నియమం పెట్టాను. మీ సంఘంలో అటువంటిది లేకపోతే మీ పాస్టరు గారితో ఈ ఒక్క సంగతి మాట్లాడమని మీ పెద్దలను అడగండి.